ఆర్‌వీ-7 రెక్కలో పడిన సొట్ట: తీయాలా, పుట్టీ పెట్టాలా, రేకే మార్చాలా?

మీరు రాసినదాన్ని బట్టి, కిట్టు తెచ్చుకుని సొంతంగా కట్టుకుంటున్న మీ విమానానికి మూడు చోట్ల దెబ్బ తగిలింది. కుడి రెక్క పైరేకు మీద, రెండు రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పట్టీల) నడుమ, అలమరలోంచి జారిపడిన డ్రిల్లు వల్ల పడిన సొట్ట మొదటిది. దాని వెడల్పు 25 మిల్లీమీటర్లు, లోతు సుమారు 2 మిల్లీమీటర్లు అన్నారు. రివెట్లు కొడుతున్నప్పుడు మీ శ్రీమతిగారి చేతిలోని బకింగ్ బార్ (రివెట్టు వెనక ఆనించే ఉక్కు దిమ్మె) మూల తగిలి, వెనక స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) వరుస పక్కన లోపలినుంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న బొడిపె రెండోది. తోక దగ్గర పైకీ కిందికీ కదిలే ఎడమ ఎలివేటర్ మీద అరచేత్తో నిమిరితే తప్ప తెలియని పలచటి పల్లం మూడోది. డ్రై ఐస్ పెట్టి హెయిర్ డ్రయ్యరుతో కాస్తే సర్దుకుంటుందా, కార్ల షాపులో లాగినట్టు జిగురు బిళ్ళ అంటించి లాగవచ్చా, అదీ ఇదీ కాకుండా పుట్టీ పెట్టి రంగు వేసేస్తే ఏం పోతుంది అని అడిగారు. నేను టెక్సస్‌లో ఇదే ఆర్‌వీ-7ను ఏడేళ్ళు కూర్చుని కట్టినవాణ్ణి. మీరు చెప్పిన మూడు దెబ్బలూ నా రేకులకు కూడా తగిలాయి. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు గనుక విడివిడిగా చెబుతాను.

ముందుగా సొట్ట అంటే ఏమిటో లెక్క చూద్దాం. రేకు పల్లంగా వంగడమే సొట్ట అనుకుంటాం కానీ, అక్కడ జరిగింది వంగడం మాత్రమే కాదు, రేకు సాగింది. చదునుగా ఉన్న వృత్తం గిన్నెలా పల్లమైతే దాని వైశాల్యం పెరగక తప్పదు. పల్లం గోళాకారంలో ఉందనుకుంటే ఆ పెరుగుదల లోతు వర్గాన్ని π (సుమారు 3.14) తో హెచ్చించినంత. మీ సొట్టలో 25 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం సుమారు 491 చదరపు మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల లోతుకు అదనంగా పుట్టినది సుమారు 12.6, అంటే రెండున్నర శాతానికి కొంచెం ఎక్కువ. అదే లోతు అర మిల్లీమీటరే అయి ఉంటే పెరుగుదల శాతంలో ఆరో వంతు కూడా ఉండేది కాదు. లోతు నాలుగింతలు తగ్గితే సాగుడు పదహారింతలు తగ్గుతుందన్నమాట. మీ మొదటి సొట్టకూ మూడో పల్లానికీ ఉన్న అసలు తేడా ఇదే. మొదటిదానిలో రేకు తన స్థితిస్థాపక హద్దును దాటి శాశ్వతంగా సాగిపోయింది. మూడోదానిలో దాదాపుగా వంగిందే తప్ప సాగలేదు.

సాగిన రేకును సుత్తితో కొట్టి చదును చేయబోతే ఏమవుతుందో నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. తోక మీద నిలువుగా ఉండే నా రడ్డర్ రేకు మీద చిన్న సొట్ట పడితే, లోపల ఇనుప దిమ్మె ఆనించి బయటినుంచి రబ్బరు సుత్తితో అరగంటసేపు తట్టాను. సుత్తికీ ఇనుముకూ మధ్య నలిగిన ప్రతిచోటా రేకు ఇంకాస్త పలచబడి, ఇంకాస్త సాగింది. చివరికి సొట్ట కనబడకుండా పోయింది, కానీ ఆ చోట బొటనవేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులాగా ఠప్పుమని లోపలికీ, వదిలితే ఠప్పుమని బయటికీ రావడం మొదలైంది. దీన్నే ఆయిల్ క్యానింగ్ అంటారు. అదనంగా పుట్టిన వైశాల్యానికి పోవడానికి చోటు లేక, ఇటో అటో ఉబ్బి నిలబడటమే ఆ చప్పుడు. అలాంటి రేకు గాల్లో ఇంజను కంపనానికీ, ప్రొపెల్లరు గాలిపోటుకూ రోజంతా అలాగే కొట్టుకుంటూ ఉంటుంది; కొట్టుకున్న కొద్దీ దగ్గరలోని రివెట్టు రంధ్రాల అంచుల్లో పగుళ్ళు పుడతాయి. ఆ రడ్డర్ రేకును చివరికి నేను మార్చేశాను. మొదట ఉన్న సొట్టను అలాగే వదిలేసి ఉంటే మరో పాతికేళ్ళు నిశ్చింతగా ఎగిరేది.

ఇక వేడి సంగతి. మనలో చాలామందికి సొట్ట తీయడం అనగానే ఇత్తడి బిందె గుర్తుకొస్తుంది. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి సామాను చేసేవారు పనిచేస్తుంటే చిన్నప్పుడు గంటల తరబడి చూసేవాణ్ణి: బిందెను కొలిమిలో కాల్చి, చల్లార్చి, కొయ్య సుత్తితో కొడితే లోహం మైనంలా మాట వినేది, కొట్టేకొద్దీ గట్టిపడితే మళ్ళీ కాల్చేవారు. ఇత్తడికి అది సరైన పద్ధతి. మన రెక్కల రేకు మాత్రం ఇత్తడి కాదు, 2024-టీ3 ఆల్‌క్లాడ్ అనే అల్యూమినియం మిశ్రమలోహం. ఇందులో సుమారు నాలుగున్నర శాతం రాగి, ఒకటిన్నర శాతం మెగ్నీషియం, కొంచెం మాంగనీసు ఉంటాయి. మిల్లులో దీన్ని సుమారు 493 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, క్షణాల్లో నీళ్ళలో ముంచి, చల్లగానే సాగదీసి, గది ఉష్ణోగ్రతలోనే ముదరనిస్తారు; టీ3 అన్నది ఆ స్థితికి పేరు. దాని బలమంతా ఆ క్రమంలో వచ్చినదే. హీట్ గన్నో, గ్యాస్ మంటో పెట్టారంటే ఆ క్రమాన్ని మీ గరాజ్‌లోనే చెరిపేసినట్టు. పూర్తిగా మెత్తబడిన 2024 రేకు లొంగిపోయే బలం టీ3 స్థితితో పోలిస్తే నాలుగో వంతు ఉంటుందేమో. అంత వేడి చేయకపోయినా, కొద్దిపాటి వేడికే లోహంలోని సూక్ష్మమైన గింజల (స్ఫటికాల) సరిహద్దుల్లో రాగి సమ్మేళనాలు పేరుకుని తుప్పుకు దారి ఇస్తాయి. పైగా ఇత్తడిలా ఎర్రబడి హెచ్చరించే గుణం అల్యూమినియానికి లేదు; రంగు మారకుండానే కరిగి కూర్చుంటుంది. కాబట్టి మంట మాట మరచిపోండి.

డ్రై ఐస్ చిట్కా గురించి చాలామంది నమ్మకంగా చెబుతారు, అందువల్ల దానికీ లెక్క చూపిస్తాను. ఈ మిశ్రమలోహం ఒక డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు వ్యాకోచిస్తుంది. డ్రై ఐస్ సున్నాకు 78 డిగ్రీలు దిగువన ఉంటుంది, హెయిర్ డ్రయ్యరు రేకును 70 డిగ్రీలదాకా తేగలదు అనుకుంటే, మొత్తం తేడా 150 డిగ్రీలు. ఆ తేడా అంతా ఒకేచోట నిలిచి, చుట్టూ ఉన్న రేకు కదలకుండా బిగపట్టినా, పుట్టే ఒత్తిడి సుమారు 250 మెగాపాస్కల్‌లు. రేకు శాశ్వతంగా కదలాలంటే 300 దరిదాపుల్లో కావాలి. నిజానికి అల్యూమినియం వేడిని ఎంత త్వరగా పంచేస్తుందంటే ఆ తేడాలో సగం కూడా నిలవదు. సాగని రేకు ఎక్కడైనా ఒక పక్కకు పట్టేసి ఉంటే అది విడిపోవచ్చు, మీ 2 మిల్లీమీటర్ల సొట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జిగురు బిళ్ళల విషయానికొస్తే, కారు ఉక్కు రేకు మీద అవి పనిచేస్తాయి, ఇక్కడ 0.63 మిల్లీమీటర్ల అల్యూమినియం మీద అవి మధ్యలో చిన్న చోటునే పట్టి లాగడంతో, పల్లం మధ్యలో కొత్త మొటిమ లేస్తుంది, చుట్టూ పల్లం అలాగే ఉంటుంది. నాకు తెలిసినంతలో అది చూడటానికి సొట్ట కన్నా అసహ్యంగా ఉంటుంది.

ఇప్పుడు మొదటి సొట్ట. అడుగు రేకు ఇంకా వేయలేదన్నారు గనుక లోపలికి చెయ్యి పెట్టే వీలుంది. ఇది మీ అదృష్టం. మొదట రేకును శుభ్రంగా తుడిచి, రాత్రిపూట ట్యూబ్‌లైటు ప్రతిబింబం సొట్ట మీద పడేలా నిలబడి చూడండి. వెలుగు గీత ఎక్కడ వంకర తిరుగుతోందో అక్కడే అసలు హద్దు. పల్లం చుట్టూ సన్నటి గట్టు లేచి ఉండటం గమనిస్తారు. చాలామంది పల్లాన్నే చూస్తారు గానీ గట్టును చూడరు. తరవాత ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి, కిందికి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చి లోతు కొలవండి. కంటి అంచనాకు 2 మిల్లీమీటర్లు అనిపించినది కొలిస్తే ఒకటిన్నర అవ్వడం నాకు అనుభవమే, లెక్కలో ఆ అర మిల్లీమీటరు విలువ దాదాపు సగం. దెబ్బ అంచు గుండ్రంగా ఉందా, మడత పడిందా అన్నది పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూడండి. గుండ్రంగా ఉంటే మనం మాట్లాడుకోవచ్చు. పదునైన మడత ఉంటే, దాన్ని వెనక్కి తిప్పే ప్రయత్నమే పగులుకు పునాది, తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే.

గుండ్రంగానే ఉందనుకుందాం. బయటివైపు గట్టి మేపుల్ చెక్క దిమ్మె ఒకటి, ముఖం సాపుగా గీసి మూలలు గుండ్రం చేసినది, సొట్ట మీద మూతలా పెట్టి ఒకరు గట్టిగా ఆనించాలి. లోపలినుంచి రెండోవారు, కొస గుండ్రంగా తీసిన కొయ్య గూటాన్నో నైలాన్ కడ్డీనో పల్లం అంచున పెట్టి, కొట్టకుండా, ఒళ్ళు బరువుతో నొక్కాలి. మధ్యలో మొదలుపెట్టకూడదు. అంచునుంచి మొదలై, నత్త గుల్ల గీతలా చుట్టూ తిరుగుతూ మధ్యకు రావాలి. ఇలా చేసినప్పుడు సాగిన లోహంలో కొంత భాగం తనలోకి తాను కుదించుకుని వెనక్కి వస్తుంది, కొంత రాదు. ఎంత వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండు చుట్లకోసారి ఆగి ట్యూబ్‌లైటు గీత చూసుకోండి, స్కేలు పెట్టండి, బొటనవేలితో మెల్లగా నొక్కి ఠప్పుమంటోందేమో వినండి. లోతు అర మిల్లీమీటరుకు వచ్చిందంటే అక్కడ ఆపేయండి. పూర్తిగా చదును చేయాలన్న పట్టుదలే నా రడ్డర్‌ను చెడగొట్టింది. కొంచెం పల్లంగా మిగిలిన రేకు ఒకే వైపుకు నిలబడి ఉంటుంది. బలవంతాన చదును చేసిన రేకుకు ఎటు నిలబడాలో తెలియదు.

అది పైరేకు కాబట్టి ఇంకో మాట. ఎగురుతున్నప్పుడు రెక్కలు పైకి వంగుతాయి, పైరేకు ఒత్తిడికి లోనవుతుంది. మన విమానం గాల్లో విన్యాసాలకు అనుమతించే (ఏరోబాటిక్) బరువులో ధన 6 జీ, ఋణ 3 జీ దాకా, అంటే పైకి తన బరువుకు ఆరింతలు, కిందికి మూడింతల భారం దాకా తట్టుకునేలా రూపొందినది. వంపు భారాన్ని ప్రధానంగా స్పార్ మోస్తుంది గానీ, రెక్క మెలి తిరగకుండా ఆపేది రేకే. ఒత్తిడిలో ఉన్న పలచటి రేకు ముడుచుకుపోవడం ఎక్కడో ఒక చిన్న లోపం దగ్గర మొదలవుతుంది. అందువల్ల రిబ్బుకు దూరంగా, పలక మధ్యలో ఉన్న సొట్ట అందానికి సంబంధించిన విషయమైతే, స్పార్‌కు ఆనుకుని ఉన్నదీ, రివెట్టు వరుస మీద ఉన్నదీ బలానికి సంబంధించిన విషయం. మీరు కొలతలు రాసిన కాగితం, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో, సమీప రిబ్బు నుంచి స్పార్ నుంచి దూరాలు, ఇవన్నీ కలిపి ఒరెగాన్‌లోని అరోరాలో ఉన్న, ఈ విమానం కిట్టు తయారుచేసే వాన్స్ వారి సాంకేతిక విభాగానికి పంపి జవాబు వచ్చేదాకా ఆ రేకు జోలికి పోకండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1998లో వెలువరించిన ఏసీ 43.13-1బి అనే సలహా పత్రంలో నాలుగో అధ్యాయం కూడా దగ్గర పెట్టుకోండి. సొంతంగా కట్టిన ప్రయోగాత్మక విమానాలకు అది శాసనం కాదు, కానీ అతుకు వేయాల్సివస్తే రివెట్ల సంఖ్య, అంచు దూరం లెక్క కట్టడానికి అంతకన్నా మంచి ఆధారం నాకు తెలియదు.

చదును చేశాక ఠప్పుమనే గుణం మిగిలితే, పలకను రెండుగా విడగొట్టడమే పరిష్కారం. అర అంగుళం వెడల్పున పలచటి అల్యూమినియం యాంగిల్ ఒకటి తీసుకుని, రిబ్బుకూ రిబ్బుకూ నడుమ, సొట్ట మధ్యగా వెళ్ళేలా లోపల అంటించండి. కొందరు రివెట్లు కొడతారు. నేనైతే ఇంధన ట్యాంకుల అతుకులు మూయడానికి వాడే ప్రోసీల్ అనే జిగురుతోనే అంటిస్తాను. రేకులో కొత్త రంధ్రాలు పడవు, రేపు వద్దనుకుంటే పీకేయవచ్చు. ఇంధన ట్యాంకు రేకు మీద సొట్ట పడినవాళ్ళకు మాత్రం వేరే సలహా: అక్కడ లోపలి సీలు కదలకుండా ఉండటమే ముఖ్యం, సొట్టను ముట్టుకోకుండా కారుతోందేమో పరీక్షించి వదిలేయండి.

రెండోదైన బొడిపె చూడటానికి చిన్నదే కానీ, మూడింటిలో నన్ను భయపెట్టేది అదే. బకింగ్ బార్ మూల పదునుగా ఉండి ఉంటే దెబ్బంతా చుక్కంత చోట పడింది, రివెట్టు రంధ్రం కూడా పక్కనే ఉంది. లోపలివైపు నుంచి చూడండి. అక్కడ గీత పడి ఉంటే వేలి గోరు దానికి తగులుతుందో లేదో చూడండి. ఆల్‌క్లాడ్ రేకు పైపొర శుద్ధ అల్యూమినియం. ఒక్కో వైపు అది మొత్తం మందంలో ఐదు శాతం ఉంటుంది. 0.025 అంగుళాల రేకులో ఆ పొర 0.03 మిల్లీమీటర్లు, తల వెంట్రుకలో సగం. గోరు తగిలేంత గీత పడిందంటే ఆ పొర పోయి, తుప్పుకు లొంగే అసలు లోహం బయటపడినట్టే. రంగు చొచ్చే ద్రవంతో, అంటే డై పెనెట్రంట్‌తో పగులు ఉందేమో చూడండి. పగులు లేకపోతే, గీతను 400 నంబరు తడి కాగితంతో, ఆపై 600తో, గీత పొడవునా రుద్ది అంచులు నునుపు చేయండి, అడ్డంగా రుద్దవద్దు. బొడిపె తలను కిందికి తేవడానికి లోపల చెక్క ఆనించి, బయటినుంచి వెడల్పాటి ముఖమున్న ఫ్లష్ సెట్‌ను రివెట్ గన్‌కు తగిలించి, గాలి పీడనం బాగా తగ్గించి నాలుగైదు చిన్న తట్లు కొడితే చాలు. లోపల ఉక్కు ఆనించకండి, కారణం పైనే చెప్పాను. ఒకవేళ పగులు కనబడితే తట్టడం మానేసి, ఎఫ్‌ఏఏ సలహా పత్రం చెప్పిన లెక్క ప్రకారం అతుకో, రేకు మార్పో ఆలోచించాలి.

ఇలాంటి దెబ్బలు మళ్ళీ తగలకుండా బార్ మూలలన్నీ గుండ్రంగా గ్రైండ్ చేసి, ముఖం తప్ప మిగతా ఒంటికంతా టేపు చుట్టండి. మా ఇంట్లో రివెట్లు కొట్టేది నేను, బార్ పట్టేది మా ఆవిడ. ఆమె సిద్ధమని చెప్పేదాకా ట్రిగ్గరు నొక్కకూడదన్న నియమం మూడో దెబ్బ తరవాత పుట్టింది.

ఎలివేటర్ మీది పల్లాన్ని లోహం పనితో కెలకకండి. ఆ రేకు చాలా పలచన, లోపల చెయ్యి పట్టదు, సాగుడు లేదు కాబట్టి ప్రమాదమూ లేదు. పుట్టీ పెట్టవచ్చా అన్న మీ అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. పెట్టవచ్చు, బరువు తూచి పెట్టాలి. నియంత్రణ తలాలు కీలు చుట్టూ తూగేలా ముందుభాగంలో సీసం బరువు ఉంటుంది. కీలుకు వెనకాల 30 సెంటీమీటర్ల దూరాన 20 గ్రాముల పుట్టీ పెట్టారంటే, కీలుకు ముందు 15 సెంటీమీటర్ల దూరాన 40 గ్రాములు కలపాలి. లేకపోతే వెనక బరువెక్కిన తలం వేగంలో దడదడలాడటం మొదలుపెడుతుంది. దాన్నే ఫ్లట్టర్ అంటారు, అది మొదలయ్యాక ఆపడానికి పైలట్‌కు సమయం ఉండదు. పుట్టీ పెట్టి, రంగు వేసి, ఆ తరవాతే తూకం చూడాలి. రంగుకు ముందు చూసిన తూకం లెక్కలోకి రాదు.

పుట్టీ అంటే కార్ల షాపులో దొరికే పాలియెస్టర్ ముద్ద కాదు. ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (బోలుగా ఉండే సూక్ష్మమైన గోళాలు) కలిపినదో, సూపర్‌ఫిల్ లాంటి తయారుగా దొరికే ఎపాక్సీ ఫిల్లరో వాడండి. పల్లాన్ని స్కాచ్‌బ్రైట్‌తో మెత్తగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, తుప్పును ఆపే అలోడైన్ రసాయనం పూసి, ఎపాక్సీ ప్రైమరు పలచగా కొట్టి, దాని మీద ఫిల్లరు పెట్టండి. గీకేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఫిల్లరు అంచు కలవడం కోసం చుట్టూ ఉన్న మంచి రేకును కూడా గరుకు కాగితంతో రుద్దేస్తారు. ఆ ఆల్‌క్లాడ్ పొర వెంట్రుకలో సగమేనని గుర్తుంచుకోండి. నేను చుట్టూ రెండు వరసల మాస్కింగ్ టేపు అంటించి, టేపు మట్టానికి వచ్చేదాకా రుద్ది, టేపు తీశాక మిగిలిన సన్నటి మెట్టును మాత్రం చేత్తో సరిచేస్తాను. రంగు వేయకుండా మెరుగుపెట్టి అద్దంలా ఉంచాలనుకునేవాళ్ళకు పుట్టీ దారి లేదు. వాళ్ళు సొట్టతో బతకడమో, రేకు మార్చడమో తేల్చుకోవాలి.

రేకు మార్చాల్సివస్తే భయపడకండి, రెక్క మూయకముందు అది రెండు వారాంతాల పని. ఫ్లష్ రివెట్టు తల మధ్యలో 40 నంబరు డ్రిల్లుతో తల లోతువరకే తొలిచి, పిన్ను పంచ్‌తో తలను విరిచి, వెనక రిబ్బుకు ఆధారం పెట్టి కాడను బయటికి నెట్టాలి. కాడ దాకా తొలిస్తే రిబ్బులో రంధ్రం పెద్దదైపోతుంది. పెద్దదైనచోట ఊప్స్ రివెట్లు వాడతారు: కాడ ఒక సైజు లావు, తల మాత్రం పాత రివెట్టు సైజే. పేరు ఎవరు పెట్టారో గానీ, అవి కొనని బిల్డరును నేను చూడలేదు.

చేసిన పని లాగ్‌బుక్‌లో తేదీతో, కొలతలతో, ఫోటోతో రాయండి. పన్నెండు నెలలకోసారి చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ మూడు చోట్లూ భూతద్దంతో చూడాల్సిన జాబితాలో ఉండాలి. మొదటి పాతిక గంటలు ఎగిరాక ఒకసారి అదనంగా చూడండి. ఇప్పుడు సొట్టల చుట్టూ హద్దు గీసుకునేటప్పుడు మాత్రం పెన్సిలు వాడకండి. గ్రాఫైటు అల్యూమినియాన్ని తినేస్తుంది, గీసిన గీత వెంబడే తుప్పు పడుతుంది. షార్పీ మార్కరుతో గీసి, పని అయ్యాక ఆల్కహాలుతో తుడిచేయండి. స్కేలుతో కొలిచిన లోతులు, ఎలివేటర్ రేకు మందం తెలిస్తే రాయండి. ఎంతవరకు నొక్కి ఆపాలో అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్పగలను.